తరాయీ

త్రినాథరావు ఇరవై ఏడేళ్ళు గోడలు కట్టాడు గాని, ఆ గోడల మధ్య ఏ మనిషీ కాపురం చెయ్యలేదు. ఆయన పనిచేసింది భిలాయి ఉక్కు ప్లాంటులో, కోక్ ఓవెన్ల దగ్గర. బొగ్గును గాలి తగలకుండా కాల్చే పొడవాటి ఇటుక గదులవి. వాటి లోపలి గోడలు కట్టడం, చెడితే విప్పి మళ్ళీ కట్టడం ఆయన ఉద్యోగం. ఇటుకకీ ఇటుకకీ మధ్య గోరు దూరకూడదు. గోరు దూరే చోట మంట దూరుతుంది. అందుకని ఆయన కట్టిన గోడ మీద అరచెయ్యి రాస్తే అతుకు ఎక్కడుందో తెలిసేది కాదు. డిపార్ట్‌మెంట్లో తెలుగువాళ్ళే కాదు, బిహారీలు, బెంగాలీలు కూడా ఆయన్ని ‘మేస్త్రీ’ అనే పిలిచేవారు. ఆ పిలుపంటే ఆయనకు ప్రాణం. ఛార్జ్‌మన్ అయ్యాక ఎవరైనా మర్యాద చేసి ‘త్రినాథరావు గారూ’ అంటే ముఖం చిన్నబుచ్చుకునేవాడు.

ఎనభై అయిదు జనవరిలో రిటైరయ్యాడు. క్వార్టర్ అప్పజెప్పి, పవర్ హౌస్ మార్కెట్ వెనక రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. శ్రీకాకుళం వైపు పోయే ఆలోచన ఆయనకూ లేదు, భార్య వరలక్ష్మమ్మకూ లేదు. ఇక్కడే ఉండి ఇళ్ళు కట్టిస్తానన్నాడు. రిటైరైన వాళ్ళందరూ చుట్టుపక్కల స్థలాలు కొనుక్కుని ఇళ్ళు లేపుతున్న రోజులవి. భట్టీలు కట్టిన చేతికి ఇల్లొక లెక్కా అని ఆయన ధీమా. ధీమా ఉండడంలో తప్పు లేదు. ఈయనకి కాస్త ఎక్కువైంది, అంతే.

మొదటి బేరం కూడా కాళ్ళ దగ్గరికే వచ్చింది. భుజంగరావు గారని, అదే కోక్ ఓవెన్లలో ఇంజనీరు, విజయనగరం మనిషి. ఆయనకి జూన్ నెలాఖరుకి రిటైర్‌మెంటు. రిసాలి వైపు ఎవరిదో రెండు గదుల ఇల్లు కొన్నాడు. క్వార్టర్ వదిలేలోగా దానికి ఇంకో రెండు గదులూ, వంటిల్లూ కలపాలి. ఇన్నేళ్ళు తన ఓవెన్లను కాపాడినవాడు తప్ప తన ఇంటి ఇటుక మరొకరు ముట్టుకోకూడదని భుజంగరావు పట్టుదల. ఆ మాట విన్న రోజు త్రినాథరావు రాత్రి భోజనం దగ్గర రెండుసార్లు చెప్పాడు, అన్నంలో ఒకసారి, మజ్జిగలో ఒకసారి.

అంతా సిద్ధమైంది గాని మధ్యలో లైసెన్సు వచ్చిపడింది.

అంతవరకూ ఆ చుట్టుపక్కల తాపీ చేత పట్టినవాడల్లా ఇల్లు కట్టేవాడే. ఎక్కడో ఎవరిదో వరండా కూలింది, ఎవరు కట్టారంటే ఇంటివాడికే పేరు తెలియలేదు. దాంతో ఊరి కట్టడాల ఆఫీసువాళ్ళు ఒక రూలు పెట్టారు. ఇకమీదట పరుల ఇల్లు కట్టాలన్నా, ఉన్న ఇంటికి గది కలపాలన్నా, గోడ విప్పి మార్చాలన్నా లైసెన్సు ఉండాలి. ప్లాను మీద లైసెన్సున్నవాడి సంతకం లేకపోతే అనుమతి రాదు. ఏడాదిలోపు గోడ బీట వేస్తే వాడే వచ్చి సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. లైసెన్సు కావాలంటే ఇంతకుముందు కట్టిన ఇళ్ళు చూపించాలి, లేదా ఆఫీసు పెరట్లో ఒక గోడ కట్టి చూపించాలి.

త్రినాథరావు తన సర్వీసు సర్టిఫికెట్టు పట్టుకుని దర్జాగా వెళ్ళాడు. గుమాస్తా దాన్ని ఇటూ అటూ తిప్పి, ఇందులో ఇల్లెక్కడుందని అడిగాడు. త్రినాథరావు తన హిందీలో కోక్ ఓవెన్ అంటే ఏమిటో చెప్పాడు. అందులో ఎవరుంటారని గుమాస్తా అడిగాడు. నిప్పు ఉంటుందన్నాడు ఈయన. నిప్పుకి మా లైసెన్సు అక్కర్లేదు, మనుషులకే కావాలి, బుధవారం వచ్చి గోడ కట్టమన్నాడు గుమాస్తా. త్రినాథరావుకి ఒళ్ళు మండింది. ఈ వయసులో తనకి పరీక్షా అనుకున్నాడు. మళ్ళీ ఆయనే, పోనీ గోడ అంటే ఏమిటో వీళ్ళకీ చూపిద్దామనుకున్నాడు.

బుధవారం ఆఫీసు పెరట్లో పదిమంది దాకా చేరారు. తలా ఒక మూల చూపించి, నడుమెత్తు వరకు రెండు వైపులా గోడ లేపమన్నారు. ఇటుకలూ, ఇసకా, సిమెంటూ వాళ్ళవే. నీళ్ళ తొట్టి పెరటి మధ్యలో ఉంది. మిగిలినవాళ్ళు వచ్చీరాగానే తమ ఇటుకలన్నీ ఆ తొట్టిలో పడేశారు. త్రినాథరావు వాళ్ళను చూసి జాలిపడ్డాడు. కూలి పనికి వచ్చిన ఛత్తీస్‌గఢీ మనిషి ఒకామె బకెట్టుతో నీళ్ళు తెచ్చి ఆయన ఇటుకల మీద పొయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఆ పైన పక్కవాడి తడి ఇటుకల నుంచి నీళ్ళు చిందుతున్నాయని తన ఇటుకల మీద గోనెపట్టా కప్పాడు. పక్కవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఈ ముసలాయన దగ్గర ఏదో పెద్ద కిటుకుందని అనుకున్నారు గాని, ఎవరూ అడగలేదు.

గోడ మాత్రం అద్భుతంగా వచ్చింది. సిమెంటు మాలు పల్చగా కలిపి, ఒక్కో ఇటుకనీ చూసి, తట్టి, ఉలితో అంచు సరిచేసి పేర్చాడు. పరీక్షించడానికి వచ్చిన తివారీ అనే కుర్ర ఇంజనీరు దారానికి గుండు కట్టి వేలాడదీశాడు, లెవెల్ పెట్టి చూశాడు, చివరికి గోడని వేలితో నిమిరాడు. ఇంత సన్నటి అతుకు తన జన్మలో చూడలేదన్నాడు. త్రినాథరావు వంగి తాపీ తుడుచుకున్నాడు. ఏమన్నా అంటే నవ్వొచ్చేస్తుందని భయం.

వెళ్ళేటప్పుడు ఆఫీసు బంట్రోతు అందరికీ ఒకటే మాట చెప్పాడు: “ఏక్ హఫ్తా రోజ్ తరాయీ కర్నా. ఉస్కే బాద్ సాబ్ దేఖేంగే.”

వారం రోజులూ రోజూ ఏదో చెయ్యాలి, తర్వాత సారు చూస్తారు. ఆ ఏదో ఏమిటన్నదే తిరకాసు. హిందీ రాజ్యంలో అన్నేళ్ళు బతికినా ‘తరాయీ’ అన్న మాట త్రినాథరావు చెవిన పడలేదు. ఎలా పడుతుంది? కట్టిన గోడకి రోజూ నీళ్ళు కొట్టి తడపడమని దాని అర్థం, కోక్ ఓవెన్లలో ఆ పని చేసేవాడు లేడు. ఆయన చెవికి అది ‘తయారీ’ అని వినిపించింది. వారం పాటు తయారవండి, తర్వాత సారు నోటి పరీక్ష చేస్తారు అన్నమాట. ఇదీ సబబుగానే ఉందనుకుని తలూపి వచ్చేశాడు.

ఆ వారమంతా సాయంత్రాలు భుజంగరావు ఇంటికి వెళ్ళి కూర్చున్నాడు. గది ఎత్తెంత ఉండాలి, కిటికీ ఎంత, మురుగు కాలవ వాలు ఎంత అని భుజంగరావు ప్రశ్నలడగడం, ఈయన హిందీలో జవాబులు చెప్పడం. భుజంగరావు భార్య కనకలత కాఫీలు ఇచ్చి, ఇద్దరి హిందీకీ నవ్వుకుంది. లైసెన్సు వచ్చినట్టేనన్న నమ్మకంతో భుజంగరావు ముహూర్తం కూడా పెట్టించాడు.

మధ్యలో ఒకరోజు అకాల వర్షం. మార్చి నెలలో ఎవరూ ఎదురుచూడని వాన. ప్రశ్నలు మధ్యలో ఆపేసి త్రినాథరావు లేచి నిలబడ్డాడు. గోడ తడిసిపోతుందన్నాడు. భుజంగరావు ఇంకో మాట అడక్కుండా స్కూటర్ తీశాడు. ఇద్దరూ వానలో తడుస్తూ ఆఫీసు పెరటికి వెళ్ళి, తెచ్చిన టార్పాలిన్ గోడ మీద పరిచారు. గాలికి ఎగిరిపోతుంటే ఒక కొసన ఉన్న తాడు భుజంగరావు పట్టుకుని నిలబడితే, రెండో కొస త్రినాథరావు రాళ్ళు పెట్టి కట్టాడు. మిగతావాళ్ళ గోడలన్నీ వానకి హాయిగా తడుస్తున్నాయి. పాపం, వీళ్ళకి చెప్పేవాడు లేడని ఇద్దరూ విచారించారు.

వారం తిరిగాక తివారీ వచ్చాడు. త్రినాథరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జవాబులన్నీ నోట పెట్టుకుని నిలబడ్డాడు. తివారీ ఏమీ అడగలేదు. పై వరసలో ఒక ఇటుక పట్టుకుని లాగాడు. అది ఉత్త చేత్తో వచ్చేసింది. దాని కింది నుంచి మాలు పొడిపొడిగా, ఇసకలాగే రాలింది. రెండో ఇటుక తీశాడు. అదీ వచ్చింది. పొడి ఇటుక మాలులో ఉన్న నీటినంతా పీల్చేసింది, పైనుంచి మళ్ళీ ఒక్క చుక్క పడలేదు, సిమెంటు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. తివారీ కాస్త గట్టిగా నెట్టేసరికి ఆ అద్భుతమైన గోడ సగం దాకా ఒరిగిపోయింది.

“దాదా, ఆప్కీ దీవార్ ప్యాసీ మర్ గయీ,” అన్నాడు తివారీ.

మీ గోడ దాహంతో చచ్చిపోయిందని. వెటకారంగా అనలేదు, ఉన్న మాట చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తరాయీ ఎందుకు చెయ్యలేదని తివారీ అడిగితే, చేశానన్నాడు త్రినాథరావు. వారమంతా తయారయ్యానన్నాడు. విషయం అర్థమయ్యాక బంట్రోతు కూడా నవ్వాడు. నెలన్నర తర్వాత మళ్ళీ పరీక్ష ఉంటుంది, అప్పుడు రమ్మని తివారీ సర్దిచెప్పాడు. త్రినాథరావుకి అదేమీ వినపడలేదు. ఆయనకి వచ్చిన సిగ్గు అంతా ఇంతా కాదు. ఇరవై ఏడేళ్ళుగా మేస్త్రీ అని పిలిపించుకున్న మనిషి, ఆ పెరట్లో అందరి ఎదుటా మేస్త్రీ కాకుండా పోయాడు.

రెండు రోజులు భుజంగరావు ఇంటి వైపు పోలేదు. మూడోనాడు ఆయనే కనకలతను వెంటబెట్టుకుని వచ్చాడు. త్రినాథరావు దాచలేదు. గోడ పడిపోయిందని, ఇటుకలు తడపలేదని, వారమంతా నీళ్ళు కొట్టలేదని, పైగా వానొస్తే అడ్డం పెట్టానని వరసగా చెప్పేశాడు. ఇంకెవరినైనా చూసుకోమన్నాడు.

“నిన్నేమనను మేస్త్రీ, తాడు పట్టుకున్నది నేనే కదా,” అన్నాడు భుజంగరావు. “గోడ తడపాలని కాలేజీలో చదువుకున్నాను. ఇన్నాళ్ళు ఓవెన్ల దగ్గర అదీ ఆవిరైపోయింది.”

కనకలత మాత్రం ఊరుకోలేదు. ఆవిడ మంచి మనిషే, కానీ అది ఆవిడ ఉండబోయే ఇల్లు. “మా ఇల్లు మీరిద్దరూ చదువుకునే బడి కాదు,” అంది. “మళ్ళీ పరీక్షలో లైసెన్సు తెచ్చుకుంటే త్రినాథరావు గారే కడతారు. లేకపోతే మే నెలాఖరుకి ఇంకొకరికి అప్పజెప్తాం. నేను వానల్లో అద్దె ఇల్లు వెతుక్కోలేను.”

అందులో అనడానికేం లేదు. భుజంగరావు తలవంచుకున్నాడు. ఆవిడ ‘త్రినాథరావు గారు’ అనడం మాత్రం ఈయనకి ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు వరలక్ష్మమ్మ ఎక్కడి నుంచో ఇటుకలు పురమాయించి పెరట్లో వేయించింది. బట్టలుతికే తొట్టి నిండా నీళ్ళు పట్టింది. ఒకసారి తెలిశాక ఇక ఇబ్బందేముంది, తడిపి కడితే సరి అని ఆవిడ అనుకుంది. త్రినాథరావు కూడా అలాగే అనుకుని ఇటుక చేతిలోకి తీసుకున్నాడు. నీళ్ళ మీదికి తీసుకెళ్ళాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది. కింద పెట్టి మళ్ళీ తీశాడు. మళ్ళీ ఆగిపోయింది.

“ఏటండీ, ముంచరా?” అంది వరలక్ష్మమ్మ.

“సెయ్యి రావట్లేదే,” అన్నాడాయన.

ఆ మాట చెప్పడానికి ఆయనకి సిగ్గేసింది గాని, చెప్పాక అసలు సంగతి కూడా బయటికి వచ్చింది. పనిలో చేరిన మొదటి రోజు ఫోర్‌మన్ ధర్మారావు కొత్తవాళ్ళందరినీ వరసగా నిలబెట్టాడు. నీళ్ళలో నానబెట్టిన ఇటుక ఒకటి తెప్పించి, అందరినీ దూరంగా జరగమని, దాన్ని తీసుకెళ్ళి ఎర్రగా కాలుతున్న పొయ్యిలో వేయించాడు. కాసేపు బుసబుసమంది. తర్వాత తుపాకీ పేలినట్టు పగిలి ముక్కలై బయటికి వచ్చి పడింది. ధర్మారావు ఆ ముక్క ఒకటి ఏరి, ‘తడి ఇటుక గోడలో పెట్టినవాడు పక్కవాణ్ణి చంపినట్టే’ అని ఒక్కొక్కరి చేతా పట్టించాడు. ఆ వేడి ముక్క ఇంకా చేతిలో ఉన్నట్టే ఉంటుందన్నాడు త్రినాథరావు. వాన కాలం షెడ్డులో ఇటుకల మీద చుక్క పడిందంటే ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఇన్నేళ్ళలో తన చేతి మీదుగా ఒక్క తడి ఇటుక లోపలికి పోలేదు. అదే తన గొప్ప అనుకుని బతికాడు.

వరలక్ష్మమ్మ ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చుండిపోయింది. పెళ్ళయిన కొత్తలో నుంచీ ఈ మనిషికి ఒక చాదస్తం ఉంది. ఆవిడ గిన్నె కడిగి పొయ్యి మీద పెట్టబోతే లాక్కుని, అడుగు గుడ్డతో తుడిచి ఇచ్చేవాడు. తడి గిన్నె ‘చుయ్’మంటే చాలు, తింటున్నవాడు లేచి నిలబడేవాడు. ఎన్నిసార్లు దెబ్బలాడిందో, ఎంతమంది దగ్గర చెప్పి నవ్విందో లెక్కలేదు.

“అంచేతేనా గిన్నెలడుగు తుడిసీవోరు?” అంది.

ఆయన తలూపాడు. ఆవిడకి ఏడుపొచ్చింది. కళ్ళొత్తుకుని, తొట్టి దగ్గరికి జరిగి కూర్చుంది.

“అది భట్టీ అండి. ఇది ఇల్లు,” అంది. “ఇందులో మనుసులు తానాలు సేస్తారు. పిల్లలు నీళ్ళు ఒలకబోస్తారు. వానొస్తాది. నీళ్ళకి బయపడీ గోడ ఆలకేటికి?”

ఆయన రెండు చేతులతో ఇటుక పట్టుకుని నీళ్ళలో ముంచాడు. ఇటుక బుసబుసమంటూ బుడగలు కక్కింది. ఆయన భుజాలు బిగుసుకున్నాయి, కళ్ళు మూసుకున్నాడు, చెయ్యి మాత్రం వెనక్కి తియ్యలేదు. బుడగలు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఒకటీ రావడం మానేశాయి. ఏమీ పగల్లేదు. ఇటుక ఇందాకటి కంటే ముదురు రంగుకి తిరిగి, నీళ్ళ అడుగున బుద్ధిగా కూర్చుంది. అప్పుడు వరలక్ష్మమ్మ రెండోది అందించింది.

ఏప్రిల్ అంతా ఆ పెరట్లో చిన్న గోడ లేవడం, ఆరడం, విప్పడం, మళ్ళీ లేవడం. భిలాయి ఎండల్లో ఇరుగుపొరుగు నీళ్ళకి కటకటలాడుతుంటే, ఈయన పొద్దునా సాయంత్రం గోడకి స్నానం చేయిస్తున్నాడని ఊరంతా నవ్వింది. నవ్వనివ్వమన్నాడు. సన్నటి అతుకు మానడానికే ఎక్కువ కష్టపడ్డాడు. వేలెడు మందాన మాలు వెయ్యాలంటే ఆయన ప్రాణం గిలగిల్లాడేది.

మేలో మళ్ళీ పరీక్ష. త్రినాథరావు అందరికంటే ముందు వెళ్ళి తన ఇటుకలు తొట్టిలో వేశాడు. వేసి, అక్కడే నిలబడి బుడగలు ఆగేదాకా చూశాడు. ఆ చూపులో భయమెంతో, పట్టుదలెంతో ఆయనకే తెలియాలి. గోడ పూర్తయ్యాక తివారీ నవ్వుతూ, ఇక వారం రోజులు ఏం చేస్తారు దాదా అని అడిగాడు.

“తరాయీ,” అన్నాడు త్రినాథరావు, ఒక్కో అక్షరం విడివిడిగా.

ఈసారి అందరితో పాటు తనూ నవ్వాడు. వారమంతా రెండు పూటలా సైకిల్ మీద వెళ్ళి నీళ్ళు కొట్టాడు. రాలేకపోయిన వాళ్ళ గోడలకి కూడా కొట్టాడు. తివారీ వచ్చి ఇటుక లాగితే రాలేదు. కాలు పెట్టి తోస్తే గోడ కదల్లేదు. లైసెన్సు ఫొటో అతికించిన అట్ట ముక్కగా చేతికొచ్చింది. భుజంగరావు అందులో ఉన్నది చదివి వినిపించాడు, ఇళ్ళ నిర్మాణానికీ మార్పులకీ అని. కనకలత అన్న మాట మీద నిలబడింది. మర్నాడే పని మొదలు పెట్టించింది. పునాది తవ్వుతుండగా వచ్చి, “మేస్త్రీ గారూ, వంటింటి కిటికీ కాస్త తూర్పుకి జరపండి,” అంది. ఆయన ఆ కిటికీని ఆవిడ అడిగినంతా జరిపాడు, అడగనంత కూడా జరిపాడు.

జూన్ మధ్యలో, గోడలు కప్పు దాకా లేచాక, నాలుగో రోజు సాయంత్రం ఆకాశం నల్లబడింది. పాత గదుల వరండాలో భుజంగరావు, త్రినాథరావు టీ తాగుతున్నారు. మొదటి చినుకులు పడ్డాయో లేదో భుజంగరావు గ్లాసు కింద పెట్టి లోపలికి పరిగెత్తాడు. మూలనున్న టార్పాలిన్ ఈడ్చుకొచ్చి, తాడు కొస చాచి పట్టుకోమన్నాడు. అలవాటున త్రినాథరావు చెయ్యి కూడా తాడు దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది.

“ఒగ్గీండి సారూ,” అన్నాడు. “తాగనీండి.”

భుజంగరావు ఆయన వైపు చూశాడు, తర్వాత గోడ వైపు చూశాడు. టార్పాలిన్ మడతపెట్టి అరుగు మీద పరిచాడు. ఇద్దరూ దాని మీదే కూర్చుని, చల్లారిన టీ తాగుతూ గోడ తడవడం చూశారు.